న్యూజిలాండ్‌లో ఆరు వారాలు: కారు అద్దె చూస్తే గుండె గుభేల్‌మంటోంది, ఏం చేయాలి?

తెనాలి_కోడలు

అందరికీ నమస్కారం. డిసెంబరు మధ్యలో న్యూజిలాండ్ వెళ్తున్నాం, జనవరి నెలాఖరుకి తిరిగొస్తాం. మేమిద్దరం, అత్తయ్య, మామయ్య, పిల్లలిద్దరు. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. మా తమ్ముడు హామిల్టన్‌లో ఉంటాడు కాబట్టి ఉత్తర దీవిలో బసకి ఖర్చు లేదు. కానీ ఈ ప్రయాణం అసలు మొదలైంది మామయ్య గారి కోసం. ఆయన హైస్కూల్లో జాగ్రఫీ మాస్టారుగా రిటైరయ్యారు. హిమానీనదాలు, ఫియర్డ్‌లు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) ఏళ్ల తరబడి నల్లబల్ల మీద గీసి చెప్పారు గానీ, ఒక్కటీ కళ్లతో చూడలేదు. అందుకే దక్షిణ దీవి వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

సమస్య కారు దగ్గర వచ్చింది. ఆరుగురం, సామాను కూడా ఉంటుంది కాబట్టి ఎనిమిది సీట్ల బండి చూశాం. ఆక్లాండ్ విమానాశ్రయంలో తీసుకుని, ఆరు వారాల తర్వాత అక్కడే అప్పగించడానికి 9,000 న్యూజిలాండ్ డాలర్లు పైనే చూపిస్తోంది. ఇన్సూరెన్స్ పూర్తిగా కావాలంటే రోజుకి ఇంకో 35. ఫెర్రీలో కారుతో పాటు ఆరుగురం దక్షిణ దీవికి వెళ్లి రావడానికి వెయ్యి దాటింది. డాలరుకి యాభై రూపాయల చొప్పున వేసుకున్నా మొత్తం ఐదున్నర లక్షలు దాటుతోంది. పెట్రోలు ఇందులో లేదు.

మా వారు, నేను ఇద్దరం డ్రైవ్ చేస్తాం. అక్కడ కూడా ఎడమవైపే కాబట్టి ఆ భయం లేదు. ఈ ఖర్చు తగ్గే దారి ఏదైనా ఉందా? తమ్ముడేమో "ఎంతైనా తీసుకో అక్కా, వచ్చేదే ఒక్కసారి" అంటున్నాడు. వాడికి చెప్పడం తేలిక. నాకు మాత్రం రాత్రుళ్లు ఇదే టెన్షన్.

కరీంనగర్_బాటసారి

అమ్మా, మేము పోయిన ఏడాది కారు లేకుండానే తిరిగినం. ఇంటర్‌సిటీ బస్సులు పెద్ద ఊర్లన్నిటికీ ఉంటయ్. గంటల లెక్కన ముందే కొనుక్కునే పాస్ ఉంది, దాంతోని చానా దూరం వెళ్లిపోవచ్చు. క్రైస్ట్‌చర్చ్ నుంచి గ్రేమౌత్ దాకా ట్రాన్జ్‌ఆల్పైన్ రైలు ఎక్కినం. కొండల నడుమ దాదాపు ఐదు గంటలు, కిటికీ దగ్గర్నుంచి లేవబుద్ధి కాలేదు.

అయితే ఒక్కటి. మేం ఇద్దరమే, పిల్లలు పెద్దోళ్లయిపోయిన్రు. బస్సు దిగినంక హోటల్ దాకా పెట్టెలు లాక్కుంటూ నడవాలె. ఆరుగురికి ఆరు టికెట్లంటే బస్సు కూడా చవకేం కాదు. పెద్దవాళ్లు, నాలుగేళ్ల బాబు ఉన్నరు కాబట్టి మొత్తం బస్సులంటే మీకు కష్టమే అనిపిస్తుంది. కొంత బస్సు, కొంత కారు అనుకోండి.

దక్షిణ_దీవి

తెనాలి అమ్మాయి గారూ, నేను క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటాను. మాది ఖమ్మం. ఈ ఊరు వచ్చిన కొత్తలో కార్లు అద్దెకిచ్చే ఆఫీసులో కౌంటర్ దగ్గర పనిచేశాను. మీలాంటి కుటుంబాలు పెట్టెలతో, నిద్రమొహాల పిల్లలతో నా ముందు నిలబడి, ఆన్‌లైన్లో చూసిన ధరకీ చివరికి కట్టే ధరకీ పొంతన లేక ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఎన్నోసార్లు చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదటి విషయం. మీకు ఆరు వారాలూ కారు అక్కర్లేదు. మీ తమ్ముడి ఇంటి ముందు నిలబడి ఉండే ప్రతిరోజుకీ మీరు రెండొందల డాలర్లు కడుతున్నారు. హామిల్టన్‌లో ఉన్నన్నాళ్లు ఆయన కారు ఉంది కదా. హాబిటన్ అనే సినిమా సెట్ చూపించే మాటమాటా, వైటోమో మిణుగురు గుహలు, రోటొరూవా వేడినీటి బుగ్గలు, అన్నీ హామిల్టన్ నుంచి గంటా గంటన్నర లోపే. పొద్దున్నే వెళ్లి రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. ఆ రోజుల వరకే ఒక చిన్న కారు తీసుకుని, తమ్ముడి కారుతో కలిపి రెండు బండ్లలో వెళ్లండి. ఇక్కడ సెలవుల్లో చిన్న కార్లు బోలెడు దొరుకుతాయి. ఎనిమిది సీట్లవి తక్కువ, అందరికీ అవే కావాలి, అందుకే వాటి ధర ఆకాశంలో ఉంటుంది.

రెండోది, ఏ దీవి ఎప్పుడు అన్నది. క్రిస్మస్ ముందు నుంచి జనవరి మొదటి వారం దాకా దేశం మొత్తం సెలవులో ఉంటుంది. ఆఫీసులు మూసేస్తారు, అందరూ కుటుంబాలతో రోడ్డెక్కుతారు. అద్దెలు మండిపోయేది అప్పుడే. ఆ రోజులు తమ్ముడి దగ్గర గడపండి. ఆయనకీ సెలవు ఉంటుంది, మీతో తిరగగలుగుతాడు. దక్షిణ దీవిని జనవరి రెండో వారం దాటాక పెట్టుకోండి. జనవరి కూడా సీజనే, ఏప్రిల్, మే నెలల్లో ఉండేంత చవక రాదు. కానీ క్రిస్మస్ వారం ధరతో పోలిస్తే తేడా మీకే తెలుస్తుంది. ఇంకోటి, డిసెంబరు 25న ఇక్కడ చట్టప్రకారం సూపర్ మార్కెట్లు కూడా మూసేస్తారు. ఆ రోజు ఏ ఊళ్లోనూ కొత్తగా దిగేలా ప్లాన్ చేయకండి, పాల ప్యాకెట్ దొరకడం కూడా కష్టమవుతుంది.

ఫెర్రీ గురించి. వెల్లింగ్టన్ నుంచి పిక్టన్ దాకా మూడున్నర గంటల ప్రయాణం, బాగుంటుంది, కాదనను. కానీ హామిల్టన్ నుంచి వెల్లింగ్టన్ చేరడానికే ఐదున్నర, ఆరు గంటలు డ్రైవ్ చేయాలి. పిక్టన్‌లో దిగాక క్రైస్ట్‌చర్చ్ ఇంకో 340 కిలోమీటర్లు. రానూపోనూ అంటే చిన్న బాబుతో కనీసం నాలుగు రోజులు రోడ్డు మీదే పోతాయి, ఆ నాలుగు రోజులకీ కారు అద్దె, రాత్రి బస కలపండి. హామిల్టన్ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కి నేరుగా విమానం ఉంది. ముందుగా కొంటే ఆరు టికెట్లకీ కలిపి ఫెర్రీ ఖర్చు కంటే తక్కువే కావచ్చు. పెట్టెలు కలిపే ధర చూడండి, ఇక్కడ దేశీయ విమానాల్లో పెట్టె లేని టికెట్ వేరు, ఉన్న టికెట్ వేరు.

క్రైస్ట్‌చర్చ్‌లో దిగాక ఎనిమిది సీట్ల బండి తీసుకోండి, ఇక్కడ మాత్రం అది కావాల్సిందే. టెకపో సరస్సు మూడు గంటలు. అక్కడి నుంచి మౌంట్ కుక్ ఊరు వంద కిలోమీటర్ల పైచిలుకు. మీ మామయ్య గారికి చెప్పండి, 3,724 మీటర్ల అవొరాకి (మౌంట్ కుక్) శిఖరం, దాని పక్కనే ఈ దేశంలోకెల్లా పొడవైన టాస్మన్ హిమానీనదం. కార్ పార్క్ నుంచి మెట్లెక్కితే కాసేపట్లో పైనుంచి కనిపిస్తుంది. నీటిలో మంచు దిమ్మలు తేలుతూ ఉంటాయి. మోకాళ్లు సహకరిస్తే అత్తయ్య గారు కూడా మెల్లగా ఎక్కేయొచ్చు. తర్వాత వనాకా, క్వీన్స్‌టౌన్, తె ఆనావ్. తె ఆనావ్ నుంచి మిల్ఫర్డ్ సౌండ్ అనే ఫియర్డ్ 120 కిలోమీటర్లే కానీ మలుపులు, సొరంగం, దారి పొడవునా ఆగాలనిపించే చోట్లు. ఆ ఒక్కరోజు మీ వారికి విశ్రాంతినిచ్చి, బోటు టికెట్‌తో కలిపి ఉండే కోచ్ ఎక్కండి. మిల్ఫర్డ్‌లో పార్కింగ్‌కి కూడా డబ్బు కట్టాలి, సీజన్‌లో చోటు దొరక్క వెతుక్కోవాలి. మీరే నడుపుకుంటూ వెళ్తే మాత్రం తె ఆనావ్‌లోనే ట్యాంకు నింపండి.

చివర్లో మళ్లీ క్రైస్ట్‌చర్చ్ రావద్దు. కారు క్వీన్స్‌టౌన్‌లో అప్పగించి, అక్కడి నుంచి ఆక్లాండ్‌కి నేరుగా విమానం ఎక్కండి. తీసుకున్నది ఒక ఊరు, ఇచ్చేది ఇంకో ఊరు అయితే వన్‌వే చార్జీ వేస్తారు. క్రైస్ట్‌చర్చ్, క్వీన్స్‌టౌన్ మధ్య మాత్రం కొన్ని కంపెనీలు ఎక్కువ రోజుల అద్దెకి అది తీసుకోవు. రెండు మూడు చోట్ల అడగండి.

ఇక కౌంటర్ దగ్గర జరిగేది. రోజు అంటే ఇరవై నాలుగు గంటలు. పది గంటలకి తీసుకుని చివరి రోజు పదకొండున్నరకి ఇస్తే చాలా చోట్ల ఇంకో రోజు అద్దె పడుతుంది. విమానం దిగే టైముకీ ఎక్కే టైముకీ సరిపడేలా బుకింగ్‌లో గంటలు సరిచూసుకోండి. పెద్ద బండ్లలో చాలావరకు డీజిల్. న్యూజిలాండ్‌లో డీజిల్ బండికి రోడ్డు పన్ను బంకులో కట్టరు, తిరిగిన కిలోమీటర్లని బట్టి విడిగా కట్టాలి. 2024 నుంచి ఎలక్ట్రిక్ కార్లకీ అంతే. వెయ్యి కిలోమీటర్లకి 76 డాలర్లు. మీరు రెండు వేలు తిరిగితే 150 పైన. కొందరు అద్దెలోనే కలుపుతారు, కొందరు కారు తిరిగిచ్చేటప్పుడు లెక్కగట్టి తీసుకుంటారు. ముందే అడిగి, జవాబు ఈమెయిల్లో రాయించుకోండి.

ఇన్సూరెన్స్‌లో చూడాల్సింది ఎక్సెస్. అంటే దెబ్బ తగిలితే మన జేబులోంచి పోయే వాటా. మూడు వేలో, ఐదు వేలో రాసి ఉంటుంది. రోజుకి 35 కడితే దాన్ని సున్నాకి దించుతామంటారు. దించినా అద్దాలు, టైర్లు, బండి కింది భాగం అందులో ఉన్నాయో లేదో చదవండి. మీ ట్రావెల్ పాలసీలో అద్దె కారు ఎక్సెస్ కవర్ ఉంటే ఈ డబ్బు మిగులుతుంది. కానీ అలాంటి పాలసీలో ముందు మీరు కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. పెద్దవాళ్లతో, పసివాడితో వెళ్తున్నారు కాబట్టి దక్షిణ దీవి వరకు కౌంటర్ దగ్గరిదే తీసుకుంటే మనశ్శాంతి అని నా అభిప్రాయం. రెండు వారాలకి అది భరించగలిగే మొత్తమే. ఉత్తర దీవిలో చిన్న కారుకి మీ ఇష్టం.

ఏ కవర్ తీసుకున్నా కొన్ని రోడ్ల మీద అది చెల్లదు. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్డు, ఉత్తరాన నైంటీ మైల్ బీచ్, మౌంట్ కుక్ దగ్గర బాల్ హట్ రోడ్డు. నేను చెప్పిన టాస్మన్ కార్ పార్క్ దాకా తారు రోడ్డే, ఇబ్బంది లేదు. దాన్ని దాటి ముందుకు పోకండి.

బాబుకి చైల్డ్ సీటు తప్పనిసరి. ఏడేళ్లు నిండేదాకా అది లేకుండా చట్టం ఒప్పుకోదు. సీటుకి కూడా రోజువారీ అద్దె ఉంటుంది. తమ్ముడి స్నేహితుల్లో పిల్లలున్నవాళ్లు ఎవరైనా ఇస్తారేమో అడగమనండి. ఇక్కడ మనవాళ్లలో అది మామూలే.

డునెడిన్_కుర్రాడు

రీలొకేషన్ గురించి ఎవరూ చెప్పలేదేంటి! టూరిస్టులందరూ ఆక్లాండ్‌లో కారు తీసుకుని దక్షిణానికి వచ్చి ఇక్కడే వదిలేస్తారు. ఆ కార్లు మళ్లీ ఉత్తరానికి చేరాలి కాబట్టి కంపెనీలు రోజుకి ఒక డాలరుకే ఇస్తాయి. ట్రాన్స్‌ఫర్‌కార్ సైట్లో చూడండి. నేనూ నా రూమ్మేటూ క్వీన్స్‌టౌన్ నుంచి ఆక్లాండ్ దాకా క్యాంపర్ వ్యాన్ నడుపుకుంటూ వెళ్లాం, ఫెర్రీ ఖర్చు కూడా వాళ్లదే. మా మొత్తం ఖర్చు పెట్రోలు, బ్రెడ్డు, గుడ్లు. అక్కా, మీరు కూడా తిరుగు ప్రయాణానికి ఇది ట్రై చేయండి.

లేదంటే పాత కారు ఒకటి కొనేసి, వెళ్లేటప్పుడు అమ్మేయండి. ఇక్కడ బ్యాక్‌ప్యాకర్లు అందరూ అదే చేస్తారు.

దక్షిణ_దీవి

బాబూ, నువ్వు చెప్పింది నిజమే, ఇద్దరు కుర్రాళ్లకి అంతకన్నా మంచి దారి లేదు. కానీ ఆ కార్లు నాలుగైదు రోజుల్లో అప్పగించాలి, దారిలో ఆగి చూడ్డానికి వ్యవధి ఉండదు. పైగా ఏ తేదీకి ఏ బండి వస్తుందో చివరి వారాల దాకా తెలియదు. ఆరుగురికి సరిపడా సీట్లున్న బండి, వాళ్ల తేదీకే, చైల్డ్ సీటుతో దొరకాలంటే కష్టం. దాన్ని నమ్ముకుని అసలు బుకింగ్ ఆపుకోవద్దు. దొరికితే అప్పుడు మార్చుకోవచ్చు.

కారు కొనడం ఆరు వారాలకి లాభం కాదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు చూడాలి, మెకానిక్‌తో పరీక్ష చేయించాలి, రిపేరు వస్తే మన నెత్తినే, అమ్మేదాకా ఊరు వదల్లేం. ఇంకో ముఖ్యమైన విషయం. ఈ దేశంలో బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. 1974 నుంచి ఏసీసీ అనే ప్రభుత్వ పథకం ఉంది, ప్రమాదంలో గాయపడ్డవాళ్ల చికిత్స అది చూసుకుంటుంది, మనలాంటి సందర్శకులకి కూడా వర్తిస్తుంది. కానీ అవతలి వాళ్ల కారు పాడైతే ఆ డబ్బు మనమే కట్టాలి. ఇన్సూరెన్స్ లేని పాత కారుతో ఖరీదైన కారుని గుద్దితే మిగిల్చుకున్నదంతా ఒక్క నిమిషంలో పోతుంది. ఏసీసీ ఉంది కదా అని ట్రావెల్ ఇన్సూరెన్స్ మానకండి. జ్వరమో గుండె నొప్పో వస్తే అది ప్రమాదం కిందికి రాదు. మామయ్య గారి వయసుకి ఆ పాలసీ తప్పనిసరిగా ఉండాలి.

తెనాలి_కోడలు

ఎంత ఓపిగ్గా చెప్పారండీ. మీ పోస్టు ప్రింట్ తీసి మా వారికి, మామయ్య గారికి ఇచ్చాను. మామయ్య గారు టాస్మన్ హిమానీనదం దగ్గర పెన్సిల్‌తో గీత గీసుకున్నారు. ఫెర్రీ మానేద్దామంటే మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నారు, ఓడ ఎక్కుదామని మనవడికి మాటిచ్చారట.

ఇంకో ప్రశ్న. కారు కంపెనీల సైట్లలో బాండ్ అని రాస్తున్నారు, డబ్బు ముందే తీసుకుంటారా? మేం ఫారెక్స్ కార్డులో డాలర్లు వేసుకుని వెళ్దామనుకున్నాం.

ఉప్పల్_బ్యాంకు_ఉద్యోగి

ఈ ప్రశ్నకి నేను చెప్తాను, మా బ్రాంచికి ఈ సమస్యతో చాలామంది వస్తారు. బాండ్ అంటే క్రెడిట్ కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు, లేదా తీసుకుని కారు తిరిగిచ్చాక వెనక్కి వేస్తారు. ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు దీనికి చాలా చోట్ల ఒప్పుకోరు. క్రెడిట్ కార్డు కారు బుక్ చేసిన డ్రైవర్ పేరు మీదే ఉండాలి. భర్త లైసెన్సు చూపించి భార్య కార్డు ఇస్తే కుదరదు. ఎక్సెస్ తగ్గించుకోకపోతే బాండ్ పెద్దదిగా ఉంటుంది, అందుకే లిమిట్ సరిపోతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. మన కార్డుల్లో విదేశీ వాడకం మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది, 2020 నుంచి ఆర్‌బీఐ నిబంధన అది. యాప్‌లో ఆన్ చేసి, విదేశీ లిమిట్ కూడా పెంచండి. పిన్ గుర్తుంచుకోండి. తిరిగొచ్చే డబ్బు ఖాతాలో పడడానికి రోజులు పట్టొచ్చు, ఆ మధ్యలో వేరే ఖర్చులకి రెండో కార్డు దగ్గర పెట్టుకోండి.

దక్షిణ_దీవి

మనవడికిచ్చిన మాట తప్పనక్కర్లేదు. క్వీన్స్‌టౌన్‌లో వకటిపు సరస్సు మీద టీఎస్ఎస్ ఎర్న్‌స్లా అని ఆవిరి ఓడ ఉంది. 1912 నుంచి నడుస్తోంది, ఇప్పటికీ బొగ్గుతోనే. కింద ఇంజిన్ గదిలో పనివాళ్లు బొగ్గు వేయడం పైనుంచి వంగి చూడొచ్చు. నాలుగేళ్ల పిల్లాడికి మూడున్నర గంటల ఫెర్రీ కంటే అదే నచ్చుతుంది. మిల్ఫర్డ్‌లో పడవ ఎలాగూ ఉంది, జలపాతాల దగ్గరికంటా తీసుకెళ్తారు. రెండు ఓడలయ్యాయి.

ఒక్క మాట, బుకింగ్ ఆలస్యం చేయొద్దు. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నది ఇవాళే ఒకటి పట్టుకోండి. వారానికోసారి మళ్లీ చూడండి, తగ్గితే కొత్తది తీసుకుని పాతది వదిలేయండి. ఇద్దరూ నడుపుతారు కాబట్టి మీ పేరు కూడా డ్రైవర్‌గా రాయించండి. రాయించకుండా నడిపితే ఇన్సూరెన్స్ చెల్లదు. లైసెన్సు ఇంగ్లీషులో ఉంది కదా, అది చాలు, కార్డే తీసుకురండి, ఫోన్లో ఫొటో చూపిస్తే ఇవ్వరు.

తెనాలి_కోడలు

నిన్న రాత్రి కూర్చుని అంతా బుక్ చేశాం. దక్షిణ దీవిలో రెండు వారాలకి ఎనిమిది సీట్ల బండి 2,900, ఎక్సెస్ సున్నా చేసుకోవడానికి ఇంకో 490. క్రైస్ట్‌చర్చ్‌లో తీసుకుని క్వీన్స్‌టౌన్‌లో ఇస్తాం, వన్‌వే చార్జీ లేదని ఈమెయిల్లో రాసిచ్చారు. రోడ్డు పన్ను మాత్రం విడిగా కట్టాలట. హామిల్టన్‌లో చిన్న కారు ఒక వారానికి 500 లోపు. రెండు విమానాలకీ ఆరుగురికి పెట్టెలతో కలిపి 1,700 దాకా అయింది. రోడ్డు పన్ను కలిపినా ఐదున్నర లక్షల పైచిలుకు కాస్తా మూడు లక్షల లోపుకి వచ్చింది. విమానం టికెట్లు కూడా అందులోనే! అందరికీ చేతులెత్తి నమస్కారం.

చివరగా ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. అత్తయ్య బయటి తిండి తినలేరు. దారిలో వండుకునే వీలుంటుందా? ఆవకాయ తెచ్చుకోవచ్చా?

దక్షిణ_దీవి

హాలిడే పార్కులు అని ఊరూరా ఉంటాయి. ఆరుగురికి సరిపడే క్యాబిన్ తీసుకోండి, వంటగది ఉంటుంది, హోటల్లో రెండు గదులకంటే చవక కూడా. చిన్న రైస్ కుక్కర్ తమ్ముడి దగ్గర్నుంచి తీసుకురండి. బియ్యం, కందిపప్పు, పెరుగు క్రైస్ట్‌చర్చ్‌లోనే కొని బండిలో వేసుకోండి. టెకపో దాటాక కొట్లు చిన్నవి, ధరలు ఎక్కువ.

తినే వస్తువు ఏది తెచ్చినా విమానాశ్రయంలో ఫారంలో ఉందని రాయండి. చెప్పకుండా తెస్తే అక్కడికక్కడే 400 డాలర్లు జరిమానా. మొత్తం చూపిస్తే చూసి, ఇవ్వగలిగినవి ఇచ్చేస్తారు. ఆవకాయ సంగతి వదిలేయండి, మా ఇంట్లో ఉంది. క్రైస్ట్‌చర్చ్‌లో దిగిన రోజు భోజనానికి మా ఇంటికి రండి, ఒక సీసా కట్టిస్తాను. మెసేజ్‌లో మీ విమానం టైము పంపండి.